పాత ప్రతి పట్టుకునే మనిషి

బుధవారాల్లో నేను సాయంత్రం గడ్డం గీసుకుంటాను. మిగతా రోజుల్లో పొద్దున్నే గీసుకుంటాను, ఒక్కోరోజు అదీ ఉండదు. బుధవారం మాత్రం టీ తాగాక, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల ముందు కూర్చుంటాను. ఆ వేళకు కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ కింది రోడ్డు కంపెనీ బస్సులతో నిండిపోతుంది. హారన్ల మోత లోపలికి రాకుండా కిటికీ మూసి, కంప్యూటర్ తెరిచి మీటింగులోకి వెళ్తాను. తెరమీద ఒక్కో గడిలో ఒక్కో ముఖం కనపడుతుంది. ఒకరికి అప్పుడే తెల్లవారి ఉంటుంది, ఇంకొకరు మధ్యాహ్న భోజనం చేస్తూ ఉంటారు. కొందరు కెమెరా పెట్టరు. నేను పెడతాను. అందుకే ఆ గడ్డం.

మేము చేసే పని బయటివాళ్లకు చెప్పడం కొంచెం కష్టం. బోరుబావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచే చిన్న పరికరాలు ఉంటాయి. మీటర్లు అంటాం. బోరులోకి తీగతో దింపి వదిలేస్తే, అది రోజూ కొలత తీసి ఒక సందేశం పంపుతుంది. ఆ సందేశంలో ముందు ఏది రాయాలి, తర్వాత ఏది రాయాలి, లోతు మీటర్లలోనా అడుగుల్లోనా, కొలత దొరక్కపోతే ఏం పంపాలి అనేవి అందరూ ఒకే తీరుగా ఒప్పుకోవాలి. లేకపోతే ఒకరు చేసిన మీటరు చెప్పేది ఇంకొకరి కంప్యూటర్‌కు అర్థం కాదు. అలా ఒప్పుకున్నవన్నీ రాసిన పత్రమే మా ప్రమాణం. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, వాడుకోవచ్చు, తప్పుందని చెప్పొచ్చు. వచ్చిన సవరణలన్నీ కలిపి కొన్నాళ్లకోసారి ఒక నంబరు పెట్టి విడుదల చేస్తాం. ఆ విడుదల బాధ్యత నాది. ఏ మార్పు ఏ వెర్షన్‌లో పడాలి, ఎవరు అభ్యంతరం చెప్పారు, ఏం జవాబిచ్చాం, సవరణలకు తలుపు ఎప్పుడు మూయాలి అనేవన్నీ నేను చూసుకుంటాను.

జీతం లేదు. లింగంపల్లి దగ్గర ఒక కర్మాగారంలో కొలత పరికరాల విభాగంలో పనిచేసి, తర్వాత హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వచ్చాను. ఆ కంపెనీయే నన్ను ఈ గుంపులోకి పంపింది. నేను రిటైరయ్యాక కంపెనీ తప్పుకుంది. నేను తప్పుకోలేదు.

నంబర్లకు ఒక పద్ధతి ఉంది. పాత మీటర్లకు కొత్త భాష అస్సలు అర్థం కానంత మారితే మొదటి అంకె పెరుగుతుంది. కొత్తవి చేరినా పాతవాటికి ఇబ్బంది లేకపోతే చుక్క తర్వాతి అంకె పెరుగుతుంది. ఒట్టి తప్పులు దిద్దితే చివరి అంకె. మా ఆవిడకు ఒకసారి ఇలా చెప్పాను: ఇల్లు మారితే మొదటి అంకె, గోడలకు రంగులేస్తే రెండోది, మేకు కొడితే మూడోది.

"అయితే పెండ్లినాటి నుంచి మీ మొదటి అంకె మారనే లేదు," అంది. "మేకులైతే నేను మస్తు కొట్టిన."

మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్లం.

ఆమెకు ఆ పత్రంలో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు. కానీ నేను చేసిన ప్రతి విడుదలలో ఆమె కూర్చుంది. కర్మాగారంలో మాకొక అలవాటు ఉండేది. ఏదైనా కొలతల పట్టీ కొత్తగా రాస్తే ఇద్దరు కూర్చోవాలి. ఒకరు కొత్తది పైకి చదవాలి, ఇంకొకరు పాతది పట్టుకుని వరుసవెంట చూడాలి. తేడా వచ్చిన చోట రెండోవాడు ఆపాలి. మొదటివాడు ఆ తేడా ఎందుకొచ్చిందో చూపించాలి. కారణం దొరకని తేడా ఉంటే పట్టీ బయటికి పోదు. ఆ అలవాటును నేను ఇంటికి తెచ్చాను. కంప్యూటర్ రెండు ప్రతుల్నీ పక్కపక్కన పెట్టి తేడాలన్నీ రంగువేసి చూపిస్తుందని నాకు తెలుసు. దాన్నీ చూస్తాను. అయినా పైకి చదివితే తప్ప నాకు తృప్తి ఉండదు.

మా ఆవిడ చీపురు నుంచి ఒక పుల్ల విరిచి, పాత ప్రతిలో వరుస కింద దాన్ని పెట్టుకుని జరుపుతూ వచ్చేది. ఇంగ్లీషు అక్షరాలు చదవడం వచ్చు, అంతే. నేను చదువుతుంటే పుల్ల కదిలేది. తేడా రాగానే ఆగేది.

"ఆగుండ్రి. ఈడ గట్ల లేదు."

నేను మార్పుల పట్టికలో వెతికి, "ఉంది, పదిహేడో మార్పు," అనేవాణ్ణి. "సరే, నడువుండ్రి," అనేది. పుల్ల మళ్లీ కదిలేది. సాయంత్రాలు అలా వారం రోజులు పట్టేది. మధ్యలో కుక్కర్ కూతేస్తే లేచి వెళ్లేది. వెళ్లేముందు పుల్లను ఆ వరుస మీదే పడుకోబెట్టేది.

ఆమె పోయి మూడో ఏడు. ఆ తర్వాత ఒక చిన్న విడుదల చేశాను, రెండో అంకె మాత్రమే మారింది. కొత్త ప్రతిని కంప్యూటర్ చేత పైకి చదివించి, పాత ప్రతి నేను పట్టుకున్నాను. ఆ గొంతు చక్కగా చదివింది. ఎక్కడా తడబడలేదు. తేడా వచ్చినచోట నేనే ఆపాలి, నేనే కారణం వెతకాలి, నేనే నడవమనాలి. రెండు సాయంత్రాలు చేసి, మూడో రోజు దాన్ని కట్టేసి కళ్లతోనే చూసి ముగించాను.

ఈ ఏడు చలికాలం చివర ఒక బుధవారం మా సభాధ్యక్షుడు కొత్త మాట చెప్పాడు. ఆయన చలిదేశం మనిషి. ఎప్పుడూ స్వెట్టర్‌లోనే కనపడతాడు, మాట మెత్తన. ఇక నంబర్ల పద్ధతి ఆపేద్దాం అన్నాడు. పత్రం వెబ్‌సైట్‌లో ఉంటుంది, మార్పు ఆమోదం పొందిన రోజే అందులో చేరిపోతుంది, ఆ పని ఒక ప్రోగ్రామ్ చూసుకుంటుంది. ఎవరికైనా సందేహం ఉంటే రాస్తారు, చర్చా రాతలోనే జరుగుతుంది. ఇప్పుడు తయారవుతున్న నాలుగో వెర్షన్ నంబరుతో వచ్చే ఆఖరుది. అది విడుదలయ్యాక బుధవారం మీటింగు కూడా అక్కర్లేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నట్టే అనిపించింది. ఆయన నావైపు చూసి, అంటే తెరవైపు చూసి, మీకూ విశ్రాంతి దొరుకుతుంది అన్నాడు. నేను థాంక్యూ అన్నాను.

అది మంచి పద్ధతే. ఇప్పుడు చాలా ప్రమాణాలు అలాగే నడుస్తున్నాయి. ఆ మాట నేను కూడా ఒప్పుకున్నాను.

నేను చదువుకునే రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. ఆ రాత్రి రాయబోయి వెనక్కి కొన్ని పేజీలు తిప్పాను. బుధవారాలు పేజీ నిండా ఉన్నాయి. ఎవరు ఏమన్నారు, ఎవరి వెనక గోడమీద కొత్త పటం పెట్టారు, ఎవరికి జలుబు చేసింది అన్నీ ఉన్నాయి. మిగతా రోజులకు రెండేసి వరుసలు. పాలు, నడక, మందులు, ఎండ. నాలుగో వెర్షన్ వెళ్లిపోతే డైరీ అంతా ఆ రెండు వరుసలే.

ఆ వెర్షన్ ఎప్పుడు వెళ్లాలో చెప్పాల్సింది నేనే.

మా నియమం ఇది. విడుదలకు ముందు పత్రాన్ని అందరికీ చూపిస్తాం. ఆ ప్రతిని క్యాండిడేట్ అంటాం, ఎన్నికల్లో నిలబడ్డ మనిషిని అన్నట్టే. అభ్యంతరాలకు ఒక నెల గడువు. ఆలోగా ఏదైనా దిద్దాల్సి వస్తే, అది పైపై మార్పా, అసలు మార్పా అని తేల్చాలి. పైపైదైతే దిద్ది ముందుకు పోతాం. అసలు మార్పైతే కొత్త క్యాండిడేట్ తీసి, నెల గడువు మళ్లీ మొదటినుంచి పెడతాం. ఏది ఏదో తేల్చే అధికారం విడుదల చూసేవాడిది. ఈ గుంపులో నాకున్న అధికారమల్లా అదొక్కటే.

మొదటి క్యాండిడేట్‌లో బ్యాటరీ అయిపోయిన మీటరు ఏం పంపాలో రాయడం మరిచాం. ఒక ఆఫ్రికా దేశపు సభ్యుడు పట్టుకున్నాడు. అది అసలు మార్పే, సందేహం లేదు. రెండో క్యాండిడేట్‌లో, పత్రం మధ్యలో చూపించిన నమూనా సందేశంలో తేదీ తప్పుందని బయటపడింది. దాన్ని కూడా నేను అసలు మార్పు కిందే కట్టాను. నమూనాలు తప్పనిసరి కావని, అంటే నియమాల్లో భాగం కావని, పత్రంలోనే రాసి ఉంది. కానీ మీటర్లు చేసేవాళ్లు ముందు నమూనానే చూసి రాసుకుంటారు, నియమాలు తర్వాత చదువుతారు అన్నాను. అది నిజం కూడా. ఎవరూ ఎదురు చెప్పలేదు. మూడో క్యాండిడేట్ తీశాం. ఇంకో నెల బుధవారాలు వచ్చాయి.

ఆ గడువు సగం గడిచాక ఒక పొద్దున్న ఫోన్ వచ్చింది. గుంపులో నేను కాక తెలుగు మనిషి ఒకరే ఉన్నారు. మణికొండలో ఉంటుంది. నలభై దాటి ఉంటాయి, నా వయసుకు అమ్మాయే. బోరు మీటర్లు తయారుచేసే ఒక చిన్న బృందంలో ఇంజనీరు. ఏళ్ల తరబడి ప్రతి బుధవారం చూసుకుంటున్నాం. ఆమె ఉండేది ఇక్కడికి ఒక ఆటో దూరం. ఎప్పుడూ కలవలేదు. పదిమందిలో ఇద్దరం వేరే భాష మాట్లాడుకుంటే బాగుండదని తెలుగులో పలకరించుకోనూ లేదు.

"నమస్తే అండి. నేనండి, మణికొండ నుంచి," అంది. "మిమ్మల్ని తెలుగులో ఏమని పిలవాలో తెలియట్లేదండి. అక్కడైతే పేరు పెట్టి పిలిచేస్తున్నాను."

"గట్లనే పిలువమ్మా, ఏం కాదు."

"అమ్మో! మా అమ్మ పక్కగదిలోనే ఉందండి. వింటే చెప్పు తీసుకుంటుంది. బాబాయ్ గారూ అంటాను, సరేనా అండి?"

సరే అన్నాను.

"నాలుగో క్యాండిడేట్ కూడా వస్తుందా, బాబాయ్ గారూ?"

"ఏమన్నా బయటపడితే వస్తది. లేకుంటే లేదు."

"మా మీటర్లన్నీ అట్టపెట్టెల్లో కూర్చున్నాయండి. నంబరు పడని ప్రమాణం మీద చేసిన వాటిని బోర్లలో దింపనివ్వరు. మీకు తెలుసు కదా."

"వానలు పడ్డంక దింపుకోవచ్చు కదా."

"వానలొచ్చాక దింపి ఏం కొలుస్తామండి? ఎండాకాలం చివర నీళ్లు ఎంత అడుక్కి పోయాయో అదే కదా కావాల్సింది. ఆ లెక్క ఒక్కసారి తప్పిందంటే మళ్లీ ఏడాది ఆగాలి."

ఆ సంగతి నాకు తెలుసు. మా పత్రం మొదటి పేజీలో, ఈ ప్రమాణం ఎందుకు అన్నచోట, అదే మొదటి వాక్యం. చదువుతూ ఎన్నిసార్లు దాటిపోయానో. చివరిసారి పైకి చదవడం ఇంకా మిగిలి ఉంది, అది ఇద్దరు చేసే పని, ఒక్కణ్ణే చేస్తున్నాను, అందుకే ఆలస్యం అని చెప్పాను. ఆమెకు అర్థం కాక మళ్లీ అడిగింది. అప్పుడు మా ఆవిడ సంగతి, పుల్ల సంగతి చెప్పాల్సి వచ్చింది. ఫోన్‌లో అంత మాట్లాడి చాలా రోజులైంది.

"శనివారం నేను వస్తానండి," అంది. "పాత ప్రతి నేను పట్టుకుంటాను."

కింద జిరాక్స్ షాపులో పాత వెర్షన్, కొత్త క్యాండిడేట్ రెండు ప్రతులూ తీయించాను. బల్లకు అటూ ఇటూ కుర్చీలు వేశాను. చుట్టానికి కావాలని బుధవారమే ఒక పాలప్యాకెట్ ఎక్కువ తీసుకున్నాను. శనివారం వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో, "సారూ, ఎవరో మేడమ్ వచ్చిన్రు. మీ ఇంటికే అంటున్నది. పంపాల్నా?" అని అడిగాడు. మీ ఇంటికే అన్నప్పుడు గొంతులో ఆశ్చర్యం దాచుకోలేదు.

హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చింది. తెరమీద కనపడేదానికంటే పొట్టి. నేను కూడా అనుకున్నంత ఎత్తు లేనని ఆమే అంది. "మీరు అలా కుర్చీలో నిటారుగా కూర్చుంటే ఆరడుగుల మనిషేమో అనుకునేదాన్నండి." టీ తానే పెడతానని వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి అక్కడి నుంచి కేక.

"బాబాయ్ గారూ, పాలు విరిగిపోయాయండి! ఇవి ఎప్పటివి?"

బుధవారానివి అని చెప్పలేదు. నిమ్మకాయ పిండుకుని నల్లటీ తాగాం.

చీపురు నుంచి పుల్ల విరిచి ఇస్తే పడీపడీ నవ్వింది. "మా బళ్లో మేష్టారు దీంతో చూపించేవారు కాదండి, కొట్టేవారు." మొదటి గంట ఆమెతో కష్టమైంది. విషయం తెలిసిన మనిషి కాబట్టి అక్షరాలు చూడకుండా అర్థం చదువుకుంటూ పోయేది. రెండుచోట్ల తేడా వచ్చినా పుల్ల ఆగలేదు.

"నువ్వు చదువుతున్నవమ్మా. చదవొద్దు, చూడు."

"చూడకుండా ఎలా చదువుతారండి?"

"చదవకుండ చూడాలె. మా ఇంట్ల ఆమె అట్లనే చూసేది."

తర్వాత తర్వాత అలవాటైంది. నేను చదువుతున్నాను, పుల్ల కదులుతోంది, "ఆగండి" అంటోంది, నేను పట్టికలో నంబరు చెప్తున్నాను, "సరే, వెళ్లండి" అంటోంది. మాటలు వేరు, యాస వేరు. అయినా బల్లకు అవతల ఒక మనిషి ఆపడం, నడవమనడం. మధ్యాహ్నం ఎండకు కర్టెన్ వేయడానికి లేచి, కొంతసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆమె పుల్లను వరుస మీద పెట్టి ఫోన్ చూసుకుంది.

నమూనా సందేశం ఉన్న పేజీ వచ్చింది. పైకి చదివాను. వెర్షన్ నంబరు, మూడుకు బదులు నాలుగు, అక్కడొకసారి ఆగాం. బోరు నంబరు. తేదీ, పోయిన నెల దిద్దిన తేదీ. "ఆగండి" అంది. కారణం చెప్పాను. నడిచాం. బోరు లోతు అరవై మీటర్లు. నేల నుంచి నీటి దాకా డెబ్బై రెండు మీటర్లు. తర్వాతి వరుస. ఆ తర్వాతి వరుస.

"బాబాయ్ గారూ."

"ఏమన్న మారిందా?"

"మారలేదండి. రెండిట్లోనూ ఒకటే."

"మరి ఎందుకు ఆపినవు?"

పుల్లను రెండు వరుసలు వెనక్కి జరిపింది. "అరవై మీటర్ల బోర్లో డెబ్బై రెండు మీటర్ల కింద నీళ్లెలా ఉంటాయండి?"

కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. అలమారలోంచి పాత విడుదలలు ఒక్కొక్కటే తీశాను. మూడు, రెండు, నేను రాకముందు వచ్చిన మొదటిది. అన్నిట్లోనూ అవే అంకెలు. బోరు అడుగు కంటే కింద నీళ్లు. దేశదేశాల ఇంజనీర్లు ఇన్నేళ్లు ఆ పేజీ చూశారు. ఆ నమూనాలో తేదీ తప్పుందని నేను ఒక నెల మొత్తం మళ్లీ మొదలుపెట్టాను. దాని కింది వరుస చూడలేదు. మా ఆవిడ పుల్ల కూడా ఎన్నోసార్లు దాని మీదుగా ఆగకుండా పోయింది. ఎందుకు ఆగుతుంది? పాతదానిలోనూ కొత్తదానిలోనూ ఒకటే ఉన్నదాన్ని మా పద్ధతి పట్టుకోదు. అది మారినవాటికోసం పెట్టుకున్న పద్ధతి.

ఆమెకు నవ్వు ఆగలేదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "భూమి బద్దలు కొట్టుకుని పోయిందండి మన మీటరు," అంది. నాకూ నవ్వొచ్చింది. ఆ గదిలో ఇద్దరు మనుషులు నవ్విన చప్పుడు నా చెవికే వింతగా ఉంది.

తర్వాత ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నవ్వు ఆగింది.

"నేను నోరు మూసుకుని ఉండాల్సిందేమో," అంది.

"ఉండగలిగేదానివా?"

"లేదండి." పుల్లను వేళ్లమధ్య తిప్పింది. "ఇది ఏ మార్పు కిందికి వస్తుందండి?"

"చూడాలె."

మళ్లీ అడగలేదు. మిగిలిన పేజీలన్నీ సాయంత్రందాకా ఓపికగా పట్టుకుంది. వెళ్తూ హెల్మెట్ పెట్టుకుని, "ఎప్పుడైనా మణికొండ రండి బాబాయ్ గారూ. మా అమ్మకు కబుర్లు చెప్పే మనిషి దొరికితే చాలు, భోజనం పెట్టందే వదలదు," అంది. వస్తాను అన్నాను. లిఫ్ట్ తలుపు మూసుకుంది.

ఆదివారమంతా ఆ పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అసలు మార్పు అనడానికి నా దగ్గర గట్టి వాదనే ఉంది. పోయిన నెల నేనిచ్చిన తీర్పే ఉంది. తేదీ తప్పైతే అసలు మార్పు, లోతు తప్పైతే కాదా? పైగా ఎవరైనా తమ మీటరు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఈ నమూనానే వాడుతూ ఉండొచ్చు. అంకెలు మారితే వాళ్లకు ఇబ్బంది. అలా వాదిస్తే సభాధ్యక్షుడు తలూపుతాడు. నాలుగో క్యాండిడేట్ వస్తుంది. ఇంకో నెల బుధవారాలు వస్తాయి. అప్పటికి వాన పడుతుంది.

రెండో వైపు ఉన్నది ఒకటే వాక్యం. నమూనాలు తప్పనిసరి కావు. అది మేమే రాసుకున్నది. వాదనలు ఎంత బరువుగా ఉన్నాయో తూచుకుంటూ కూర్చుంటే, నేను తూస్తున్నది వాటిని కాదేమో అని మధ్యమధ్య అనిపించేది. లేచి ఇల్లంతా తిరిగి మళ్లీ కూర్చునేవాణ్ణి.

సోమవారం పొద్దున్న నీళ్ల ట్యాంకర్ వచ్చింది. ఎండాకాలం మా అపార్ట్‌మెంట్‌కు అదే దిక్కు. మా బోరు రెండేళ్ల కింద ఎండిపోయింది. ట్యాంకర్ గొట్టం సంపులోకి పెట్టి మోటార్ వేస్తే కిటికీ అద్దాలు అదురుతాయి. నేను బాల్కనీలో నిలబడి ఉంటే, కింద అసోసియేషన్ సెక్రటరీ ఎవరితోనో గొడవపడుతున్నాడు. పక్కన కొత్త బోరు వేద్దామని ఒకరు, దండగ అని ఇంకొకరు.

"పాత బోర్ల నీళ్లు ఎండాకాలం ఎంత లోతుకు పోతుండె? అది చెప్పుండ్రి ముందు," అన్నాడు ఒకాయన.

"ఎవరికి ఎరుక? మోటార్ వేస్తే వస్తుండె. ఒకనాడు రాలే. గంతే."

సెక్రటరీ చేతులు విదిలించి వెళ్లిపోయాడు. ట్యాంకర్ మోటార్ మోగుతూనే ఉంది.

లోపలికి వచ్చి బల్ల ముందు కూర్చున్నాను. మార్పుల పట్టికలో చివర ఒక వరుస చేర్చాను. నమూనాలో నీటిమట్టం సరిచేయబడింది, నలభై రెండు మీటర్లు. పక్క గడిలో రెండు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి. పైపై మార్పు అని ఎంచుకున్నాను. కారణం దగ్గర, నమూనాలు తప్పనిసరి కావు, ఇంతకుముందు తేదీ విషయంలో ఇచ్చిన తీర్పుకు ఇది భిన్నం, ఆ తీర్పును ముందుముందు ఆధారంగా తీసుకోవద్దు అని రాశాను. విడుదల చూసేవాడు తన తర్వాత వచ్చేవాడి కోసం అలా రాయడం ఆచారం. తర్వాత వచ్చేవాడు లేడు. అయినా రాశాను. పంపే బొత్తాం నొక్కాక చాలాసేపు చేతులు బల్లమీదే ఉన్నాయి.

గడువు ముగిసిన బుధవారం గడ్డం గీసుకుని కూర్చున్నాను. నాలుగో వెర్షన్ విడుదలైంది అని చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. కెమెరా పెట్టనివాళ్లు చప్పట్ల బొమ్మ పెట్టారు. స్వెట్టర్ ఆయన నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. మణికొండ అమ్మాయి అందరిలాగే ఇంగ్లీషులో పేరు పెట్టి పిలిచి, కృతజ్ఞతలు అంది. అన్నాక ఒక క్షణం నాలుక కరుచుకుంది. అది నాకొక్కడికే తెలిసి ఉంటుంది. తర్వాత ఒక్కొక్క గడి ఆరిపోతూ వచ్చింది. చివరికి నా ముఖమే తెరంతా పెద్దదై మిగిలింది. నేను కూడా కట్టేశాను. కిటికీ తెరిచాను. బస్సులు ఇంకా కదల్లేదు.

తర్వాతి బుధవారం కూడా సాయంత్రమే గడ్డం గీసుకున్నాను. అలవాటు చొప్పున. ఆ తర్వాత మానేశాను. మణికొండకు ఇంకా వెళ్లలేదు. ఒకసారి ఆటో దాకా వెళ్లి, ముందు ఫోన్ చేయాలి కదా అని వెనక్కి వచ్చాను. ఫోన్ చేయలేదు.

మే నెల ఆఖరులో ఆమె ఒక లింకు పంపింది. మీటర్లన్నీ దింపేశాం బాబాయ్ గారూ, చూసుకోండి అని. తెరిస్తే వరుసగా సందేశాలు. ప్రతి సందేశంలోనూ మొదట వెర్షన్ నంబరే ఉంటుంది, మా పద్ధతి అది. నాలుగు, నాలుగు, నాలుగు. అందులో ఒక బోరును నాకోసం ఎంచుకున్నాను. ఎక్కడుందో తెలియదు. లోతు ఎనభై మీటర్లు. పొద్దున్నే పాలు తెచ్చుకున్నాక నిన్నటి సందేశాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, ఇవాళ్టిది తెర మీంచి పైకి చదువుతాను. నీళ్లు అడుగుకంటే పైనే ఉన్నాయా అని ముందు చూసుకుంటాను. ఉంటాయి. డెబ్బై నాలుగు. మర్నాడు డెబ్బై నాలుగు. జూన్‌లో కూడా చాలా రోజులు అదే. మబ్బులు వచ్చేవి, పోయేవి.

ఒక పొద్దున్న బాల్కనీ తడిగా ఉంది. రాత్రి ఎప్పుడో వాన పడినట్టుంది, నాకు మెలకువ రాలేదు. ఆ బోరు ఉన్నచోట అంతకు చాలా రోజుల ముందే పడి ఉంటే తప్ప కొలత మారదు, వాననీళ్లు నేలలోకి అంత తొందరగా దిగవు. కాగితం ముందు పెట్టుకుని చదివాను. వెర్షన్ నాలుగు. బోరు నంబరు. తేదీ. లోతు ఎనభై. నేల నుంచి నీటి దాకా డెబ్బై మూడు.

"ఆగుండ్రి," అన్నాను, పైకే.